పన్నెండు వందల ముప్పై

పత్తిని నేను బొటనవేలితో చదువుతా.
ఎనుమాముల యార్డుల పదకొండేండ్ల సంది ఇదే కొలువు.
బస్తాల మోచేతి దాక చెయ్యి దూర్చి
అడుగు నుంచి గుప్పెడు గుంజి
పోగు సాగదీస్తే పొడవు తెలుస్తది,
చెంపకు ఆనిస్తే తేమ.
పైన తెల్లది పేర్చి కింద తడిసింది దాచినోని మొఖం
బస్తా కంటె ముందుగాలనే తెలుస్తది.

అసొంటోన్ని
హన్మకొండ చౌరస్తాల, ఏసీ కొట్టుల,
నల్లటి మఖ్మల్ గుడ్డ ముంగట కూసున్న,
చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెల్వక.
సేల్స్ పిలగాడు గుణింతం ఒప్పజెప్పినట్టు
నాలుగు ‘క’లు చెప్పిండు:
కట్టట, కలరట, క్లారిటీయట, క్యారెట్టట.
చిమ్టాతోని ఒక చుక్కను లేపి
కంటికి ఆనిచ్చుకునే అద్దం నాకిచ్చిండు.
లోపట వెంట్రుక అసొంటి గీత,
పత్తిల ఇరుక్కున్న ఎండాకు నలుసు లెక్క.
అలవాటున బొటనవేలు సాచిన.
“సార్, జిడ్డు అంటుతది” అని
పళ్లెం వెనకకు గుంజిండు.
స్రవంతి నవ్వు ఆపుకుంది.

పక్కన ఇంకోటి పెట్టిండు.
అంతే సైజు, అంతే మెరుపు,
ధర మూడో వంతు గుడ లేదు.
“ఇది గనిల దొరికింది కాదు మేడం, ల్యాబుల పెరిగింది.
కంటికి తేడా తెల్వది.”

కంటికి తేడా తెల్వది.
ఈ మాట ఇంతకు ముందు ఒకపారి విన్న.
పరకాలల విత్తనాల దుకాణం,
నాయిన చేతుల రంగుల ప్యాకెట్.
ఆ యేడు చెట్లు నా ఛాతీ దాక లేసినయి,
కాయ పట్టలే.
ఆఫీసర్లు వచ్చి ఫోటోలు తీస్కపోయిండ్రు.
అప్పటి సంది మా ఇంట్ల
నకిలీ అన్నది బూతు మాట,
అన్నం కాడ అనొద్దు.

“అసలుదే చూపెట్టు” అన్న.
గొంతు నాకే గట్టిగ ఇనొచ్చింది.

స్రవంతి రెండు రాళ్ల మీదికి ఒంగింది.
అద్దం అడగలే.
నైట్ డ్యూటీ దిగి సీదా వచ్చిన కండ్లు,
కడిగి కడిగి పగిలిన వేళ్లు.
“మూడో డబ్బాల పిల్ల,” అన్నది మెల్లగ,
“పుట్టినప్పుడు ఎనిమిది వందల తొంభై గ్రాములు.
ముప్పై రోజుల సంది కరెంటు వేడికి పెరుగుతాంది.
తల్లి కడుపుల ఉండాల్సిన దినాలు
అద్దాల డబ్బాల ఉంటాంది.
రాత్రి నా వేలు పట్టుకుంది, ఇడువలే.
దాన్నేమంటవ్ నువ్వు?”

పిలగాడు క్యాలిక్యులేటర్ దిక్కు చూసిండు,
నేను నేల దిక్కు.
నా గింజల బాధకు అది జవాబు కాదు, ఎరుకే.
మా నాయినకు అమ్మినోడు చెప్పలే,
వీడు చెప్పి అమ్ముతాండు, అదీ ఎరుకే.
అయినా ఆ రెండిటి నడుమ సన్నటి సందుల
నాయిన ఇంకా నిలబడే ఉన్నడు,
పూత రాలిన కొమ్మ తిప్పి చూసుకుంట.

ఆఖరికి చిన్నదే తీసుకున్నం, ల్యాబుదే.
పైకి లేవకుండ, బంగారంల మునిగినట్టుండేది.
“వార్డుల వేలికి ఉండనియ్యరు,
పిన్నీసుకు ఎక్కిచ్చి లోపట పెట్టుకుంట,
గుచ్చుకోవద్దు నాకు.”
ఆమె పెట్టిన షరతు అదొక్కటే.
రాయి అంచుకు కంటికి ఆనని నంబరు ఉంటదట,
మా బస్తాల మీద నీలిరంగుతోని రాసినట్టే.
మెట్లు దిగుతాంటె అడిగిన,
“మా అమ్మకు ఏమని చెప్పాలె?”
“ఏడ పెరిగిందో చెప్పు.
రసీదు గుడ చూపెట్టు.”

మంగళారం. యార్డు నిండ మిర్చి ఘాటు,
తుమ్మనోడు లేడు.
ఫోన్ల ఆమె మెసేజు:
పన్నెండు వందల ముప్పై.
గంతే, ముందు మాట లేదు, వెనక మాట లేదు.
తెల్వకుండనే పైకి చదివిన.
బస్తా వీపుకెత్తుకుంట కొమురెల్లి ఆగిండు.
“దేని రేటు బిడ్డా, గింతగనం పడ్డది?”
“పడలే కాకా,
పెరిగింది.”